మూడు రూపాయల పరీక్ష ఫీజు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, 40 ఏళ్ళ వకీలు వృత్తిలో చూసిన తమాషా కేసులు నాలుగు రాసి పంపితే సరిపోతుందనుకున్నాను. రెండు పేజీలు రాసి చించేశాను. కక్షిదారు నమ్మి చెప్పుకున్న గొడవను సావనీరులో వేసుకుని నవ్వుకోవడం మర్యాద కాదనిపించింది. అందుకని మరో వకీలు గురించి రాస్తున్నాను. మన బడిలో చదివిన ప్రతివాడికీ ఆయన పేరు తెలుసు. కథ మాత్రం చాలామందికి సగమే తెలుసు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు.

నేను పుట్టింది 1957లో. ఆయన పోయిందీ ఆ ఏడాదే. కాబట్టి చూసి రాస్తున్నది కాదు, విని, చదివి రాస్తున్నది. అయినా మా తరానికి ఆయనతో ఒక లెక్క ఉంది. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు నోటుపుస్తకం అట్ట మీద గుంటూరు జిల్లా అని రాసుకున్నాం. 1970లో కొత్త జిల్లా ఏర్పడితే కొట్టేసి ఒంగోలు జిల్లా అని రాశాం. ఆయన శతజయంతి వచ్చిన 1972లో అదే ప్రకాశం జిల్లా అయింది. ఊరు కదలకుండా, బడి మారకుండా మూడు జిల్లాల్లో చదివిన ఘనత మా 1973 బ్యాచ్‌ది.

ఆ శతజయంతి రోజుల్లో మా తెలుగు మాస్టారు ప్రార్థన సమయంలో ఆయన గురించి చెప్పారు. తుపాకీ ముందు ఛాతీ చూపిన సంగతి చెబుతారని అందరం ఎదురుచూస్తున్నాం. ఆయన అది చెప్పలేదు. మూడు రూపాయల సంగతి చెప్పారు.

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. పిల్లవాడికి పదకొండేళ్ళ వయసులో తండ్రి పోయారు. ఇంటినిండా పిల్లలు, చేతిలో ఏమీ లేదు. సుబ్బమ్మగారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ళ ఇల్లు పెట్టుకున్నారు. ఇవాళ మెస్ నడుపుతున్నామంటే గౌరవంగానే చూస్తాం. ఆ కాలంలో అలా కాదు. డబ్బు తీసుకుని అన్నం పెట్టడమంటే పరువు తక్కువ పని. బంధువుల్లో తలెత్తుకోలేని బతుకు. ఆ మాట పడుతూనే ఆవిడ పొయ్యి వెలిగించింది. ఆ రాబడీ చాలక పిల్లవాడు కలిగినవాళ్ళ ఇళ్ళల్లో వారాలు చేసుకుని తిన్నాడు.

వారాలంటే ఏమిటో ఈ సంచిక చదివే చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో, అలా వారానికి ఏడిళ్ళు ఒప్పించుకుని భోంచేయడం. ఇంటివాళ్ళు పిలిచేదాకా అరుగు మీద కూర్చోవాలి. ఎవరింట్లోనైనా ఆ రోజు చావో పురుడో వచ్చిందంటే ఆ పూట పస్తే.

మిడిల్ స్కూలు పరీక్ష వచ్చింది. ఫీజు 3 రూపాయలు. ఎక్కడా పుట్టలేదు. చివరికి సుబ్బమ్మగారు తన పట్టుబట్ట తాకట్టు పెట్టి ఆ 3 రూపాయలు తెచ్చి కొడుకు చేతిలో పెట్టారు. భర్త పోయిన ఇల్లాలికి ఆ రోజుల్లో పట్టుబట్ట అలంకారం కాదు, మడి కట్టుకునే గుడ్డ. వంటా దేవుడూ అన్నీ దానితోనే. ఆవిడ తాకట్టు పెట్టింది తన వంటింటి పనిముట్టునే. ఈ వివరం మా మాస్టారు చెప్పలేదు. నాకు చాలా ఏళ్ళ తర్వాత, ఇంట్లో మా నాయనమ్మ పెట్టె సర్దుతుంటే తట్టింది.

అలాగని పిల్లవాడు బుద్ధిమంతుడేమీ కాదు. తన ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’లో ఆయన ఏదీ దాచుకోలేదు. అల్లరి మూకలతో తిరిగాడు, కొట్లాటలకు ముందుండేవాడు, నాటకాల పిచ్చి ఒకటి. మెట్రిక్యులేషన్ ఒకసారి తప్పాడు. అలాంటి కుర్రవాణ్ణి చూసి ఇవాళ మనలో ఎంతమందిమి వీడు పైకొస్తాడని పందెం కాస్తాం?

కాసినవాడు ఒకాయన ఉన్నాడు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు, ఒంగోలులో ఆయన ఉపాధ్యాయుడు. ఫీజు లేకుండా చదువుకునే ఏర్పాటు చేశారు. నాయుడుగారికీ నాటకాలంటే ప్రాణం. పిల్లవాడికి గొంతూ రూపమూ ఉన్నాయని ఆడవేషాలు వేయించారు. రాజమండ్రికి మారవలసి వచ్చినప్పుడు ఈ కుర్రవాణ్ణి ఒంగోలులో వదిలిపెట్టలేదు, వెంట తీసుకుపోయారు. సొంత కొడుకు కాదు, కులంవాడు కాదు. చదువయ్యేదాకా తన ఇంటి మనిషిలాగే చూసుకున్నారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు నాటకాలు రాసిచ్చింది ఆ నాయుడుగారి సమాజానికే. మన తెలుగు నాటకరంగ చరిత్రలో ఆయన పేరు ఒక వాక్యంలో ఉంటుంది. ప్రకాశంగారి జీవితంలో మాత్రం తండ్రి తర్వాతి స్థానం ఆయనదే. మన బడిలో పనిచేసి వెళ్ళిన మాస్టర్ల ఫొటోలు ఈ సంచికలో వేస్తున్నారని విన్నాను. ఆ పేజీలు చూస్తూ నాయుడుగారిని ఒకసారి తలుచుకోండి.

1890లో అక్కగారి కూతురు హనుమాయమ్మగారితో పెళ్ళయింది. మద్రాసు వెళ్ళి ప్లీడరు పరీక్ష చదివి, కొద్దికాలం ఒంగోలులో, తర్వాత 1894 నుంచి రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టారు. ఆయనది సెకండ్ గ్రేడ్ ప్లీడరు సన్నదు. అంటే మునసబు కోర్టూ దాని పై మెట్లు కొన్నీ తప్ప, హైకోర్టులో నిలబడి వాదించే హక్కు లేదు. కింది కోర్టులో తాను చెమటోడ్చి గెలిచిన కేసు అప్పీలుకు వెళితే, కాగితాల కట్ట మోసుకుపోయి మద్రాసులో మరొకరికి అప్పగించి వెనక బెంచీలో కూర్చోవాలి. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు ఆ బాధ ఏమిటో తెలుస్తుంది. సాక్షి ఎక్కడ తడబడ్డాడో తనకు తెలుసు, నిలబడ్డ పెద్దమనిషికి తెలియదు, చెప్పడానికి తనకు నోరు లేదు.

అయినా రాజమండ్రిలో ఆయనకు డబ్బు బాగానే వచ్చింది. పూటకూళ్ళ ఇంటి పొయ్యి ఆరింది. తల్లిని, తోబుట్టువులను, అటు బంధువులను, ఇటు బంధువులను ఆ సంపాదన మోసింది. నన్నడిగితే ఆయన జీవితంలో ఆ పదేళ్ళే మనం ఎక్కువగా చూడవలసినవి. జెండాలు లేవు, బిరుదులు లేవు. ఉన్నది పొద్దున్నే కక్షిదారులు, పగలు కోర్టు, రాత్రి లాంతరు ముందు మర్నాటి కాగితాలు. మధ్యలో ఇంటి ఖర్చులు. పెద్ద కుటుంబాన్ని ఒంటి చేత్తో ఒడ్డుకు చేర్చే మనిషి ఎలా ఉంటాడో మన ఊళ్ళల్లో అందరం చూశాం. వాళ్ళ మీద ఎవరూ పుస్తకాలు రాయరు.

1904లో, 31 ఏళ్ళ వయసులో, రాజమండ్రి పురపాలక సంఘానికి ఛైర్మన్ అయ్యారు. ఎదురు నిలిచినవాళ్ళు మామూలువాళ్ళు కారు, జమీందార్లు. వారాలు చేసుకుని తిన్న కుర్రవాడు అక్కడిదాకా వచ్చాడంటే ఇంకెవరైనా అక్కడే పాతుకుపోయేవారు. ఈయన ఆ ఏడాదే బారిష్టరు చదువుకు ఇంగ్లండు ఓడెక్కారు. ఆయన పనితనం చూసిన ఒక బారిష్టరుగారు మద్రాసులో ఇచ్చిన సలహా అది. సముద్రం దాటితే కులం పోతుందనే రోజులు. మాంసం తిననని, మద్యం తాగనని, పొగ తాగనని తల్లికి మాట ఇచ్చి బయలుదేరారు. ఆవిడ ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. ఊరి నోట ఒకసారి పడిన మనిషి, కొడుకు కోసం రెండోసారి పడటానికి సిద్ధమైంది.

లండన్‌లో ఉండగా దాదాభాయి నౌరోజీగారి ఎన్నికలకు పనిచేశారు. చదువు ఏమీ దెబ్బతినలేదు, సర్టిఫికెట్ ఆఫ్ ఆనర్‌తో ముగించి 1907లో తిరిగివచ్చారు. ఈసారి మకాం మద్రాసు.

అప్పటి మద్రాసు హైకోర్టులో పేరున్నవాళ్ళు తెల్లవాళ్ళు, లేకపోతే తమిళులు. తెలుగువాడు వచ్చి ముందు వరుసలో కూర్చోవడం కొత్త. సివిలు, క్రిమినలు రెండూ చేశారు. 1911లో తిరునెల్వేలి కలెక్టరు ఆష్‌ను కాల్చి చంపిన కేసులో ముద్దాయి తరఫున నిలబడ్డారు. తెల్ల కలెక్టరు హత్య కేసులో ముద్దాయి పక్షాన వకాలతు వేయడమంటే, రేపటి నుంచి పెద్ద కక్షిదారులు రాకపోయినా సరే అనుకోవాలి. అంతకు ముందే, బిపిన్ చంద్రపాల్ మద్రాసులో ఉపన్యాసాలివ్వడానికి వస్తే అధ్యక్షత వహించడానికి పెద్దలు వెనకాడారు, ఈయన వెళ్ళి కూర్చున్నారు. ‘లా టైమ్స్’ పత్రికకు సంపాదకత్వం చేశారు. ఆస్తులు ఏర్పడ్డాయి. ఊటీలో కూడా ఒకటి ఉండేది. మలబారులో మోప్లా తిరుగుబాటు నాడు నిషేధం కాదని అక్కడికి వెళ్ళినందుకు ప్రభుత్వం దాన్ని జప్తు చేసింది.

ఇక 1921. గాంధీగారు కోర్టులు వదలమన్నారు. ఈయన వదిలారు. ఆ సంవత్సరమే ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. 17 ఏళ్ళ క్రితం సముద్రం దాటి, కులం మాట పడి, తెచ్చుకున్న గౌను అది. దాన్ని విప్పి కొక్కేనికి తగిలించి వచ్చేశారు. చేతిలో ఉన్నదంతా పత్రికలో పోశారు. ఖాసా సుబ్బారావుగారిలాంటి గొప్ప పాత్రికేయులు అక్కడ పనిచేశారు. పత్రిక గొప్పగా నడిచింది, లెక్కలు ఎప్పుడూ నడవలేదు. సర్కారు ధరావతులు జప్తు చేసింది. 1930లలో అది మూతపడేనాటికి ఆయన బారిష్టరుగిరీ సంపాదనంతా అందులో కలిసిపోయింది.

ఇక్కడే నాకు ఆయనతో పేచీ. విద్యార్థిగా ఉన్నప్పుడు చప్పట్లు కొట్టాను. ప్రాక్టీసు పెట్టాక, పిల్లలు పుట్టాక, చప్పట్లు ఆగిపోయాయి. హనుమాయమ్మగారిని ఎవరైనా అడిగారా? ఇంటి మీద ఆధారపడ్డ అంతమంది ఏమైపోవాలి? తల్లి పట్టుబట్ట తాకట్టులోంచి పుట్టిన సంపాదనను పత్రికలో పోయడానికి ఆయనకు హక్కు ఉందా? హిందూ ఉమ్మడి కుటుంబంలో స్వార్జితం తన ఇష్టం వచ్చినట్టు ఇచ్చుకోవచ్చు, చట్టం అడ్డురాదు. కానీ నేనడిగేది చట్టం కాదు. ప్రజలిచ్చిన నిధి విషయంలో గాంధీగారంతటివారే ఆయన్ను తప్పుపట్టారు. సర్వస్వం ప్రజలకిచ్చినవాడిని, ప్రజలు పెట్టింది తింటే తప్పేమిటనేది ఆయన వాదం. జడ్జీని నేనే అయితే ఆ కేసు రిజర్వు చేసి పెట్టుకునేవాణ్ణి. ఆయనకు ఇంటి డబ్బుకూ ఊరి డబ్బుకూ మధ్య గోడ లేదు. రెండు వైపులా లేదు. పూటకూళ్ళ ఇంట్లో పెరిగినవాడికి ఇల్లంటే నలుగురూ వచ్చి తినిపోయే చోటే కదా అని ఇప్పుడు అనుకుంటున్నాను. ముప్పై ఏళ్ళ క్రితం అలా అనుకునే ఓపిక నాకు లేదు.

ఓపిక ఎలా వచ్చిందో చెప్పాలి. నా ప్రాక్టీసులో మూడొంతులు భాగ పంపకాల దావాలు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు బావి నీళ్ళకీ, చింతచెట్టు నీడకీ, అటక మీది గంగాళానికీ కోర్టుకొచ్చారు. వాళ్ళ మీద నా పిల్లలు చదువుకున్నారు, కాబట్టి నిష్ఠూరాలాడను. అలాంటి ఒక దావాలో కమిషనరు రిపోర్టు చదువుతూ కూర్చున్న రాత్రి నాకు మా ఇల్లు గుర్తొచ్చింది.

మా నాన్న పోయినప్పుడు నేను ఆరో తరగతి. అన్నయ్య మన బడిలోనే తొమ్మిదో తరగతి. మర్నాటి నుంచి వాడు బడికి రాలేదు. అరక పట్టాడు. నా పదో తరగతి ఫీజు, కాలేజీ ఫీజు, లా కాలేజీ ఫీజు, నా మొదటి నల్లకోటు, అన్నీ పొగాకు డబ్బులు. తర్వాత పొలం పంచుకునే రోజు వచ్చినప్పుడు దస్తావేజు నేనే రాశాను. సరిగ్గా సగం సగం. సెంటు తేడా లేదు. చట్టప్రకారం అందులో తప్పు పట్టేవాడు లేడు. అన్నయ్య చదవకుండానే సంతకం పెట్టాడు. అంత సరిగ్గా పంచినందుకు అప్పట్లో నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

అందుకే ప్రకాశంగారి మీద ఫిర్యాదు నేను తెచ్చేది కాదని తెలుసుకున్నాను. ఆయన తల్లికీ, తోడబుట్టినవాళ్ళకీ, మాస్టారికీ ఎంత ఇచ్చారో పద్దు రాసుకోలేదు. దేశానికి ఎంత ఇచ్చారో అదీ రాసుకోలేదు.

తర్వాతి కథ మీకు తెలిసిందే, త్వరగా చెబుతాను. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ రాక నాడు మద్రాసులో కాల్పులు జరిగాయి. పార్థసారథి అనే యువకుడు చనిపోయాడు. శవాన్ని చూడనివ్వకుండా పోలీసులు తుపాకులు అడ్డం పెడితే ఈయన చొక్కా విప్పి ఛాతీ చూపారు. ఆంధ్రకేసరి అయ్యారు. అప్పటికి ఆయన వయసు 55. అది జరిగింది హైకోర్టుకు దగ్గర్లోనే, తాను గౌను వేసుకుని నడిచిన దారుల్లోనే. 1937లో రెవెన్యూ మంత్రిగా జమీందారీ విచారణ సంఘాన్ని నడిపారు. క్విట్ ఇండియా ఉద్యమంలో మూడేళ్ళు జైలు. 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధాని, ఏడాది తిరక్కుండానే సొంత పార్టీవాళ్ళే దించారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే 81 ఏళ్ళ వయసులో తొలి ముఖ్యమంత్రి. మా వృత్తివాళ్ళకు ముఖ్యమైన సంగతి, 1954లో ఆంధ్రకు సొంత హైకోర్టు గుంటూరులో ఏర్పడింది ఆయన హయాంలోనే. పైకోర్టులో నిలబడే హక్కు కోసం సముద్రం దాటిన సెకండ్ గ్రేడ్ ప్లీడరు తన జనానికి హైకోర్టు ఇచ్చాడు. తిరుపతిలో విశ్వవిద్యాలయమూ ఆ ఏడాదే. అదే సంవత్సరం నవంబరులో మద్యనిషేధం గొడవ మీద ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. కృష్ణ మీద విజయవాడ బ్యారేజికి ఆయన పేరు పెట్టారు.

చివరికి చెప్పుకోదగ్గ ఆస్తి ఏదీ మిగల్లేదు. 1957 వేసవిలో, 85వ ఏట, ఒంగోలు ప్రాంతపు పల్లెల్లో ఎండలో తిరుగుతుంటే వడదెబ్బ తగిలింది. మన రోహిణి ఎండ గురించి మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. హైదరాబాదు ఉస్మానియా ఆస్పత్రిలో మే 20న కన్నుమూశారు.

వంశం మీద దావాలు నడపడానికి నాలాంటి వకీలుకు ఆయన ఏమీ మిగల్చలేదు.

సంఘం సభ్యత్వ పత్రాలు ఈ మధ్య కొత్తగా అచ్చువేశారు. ఒకటి తెచ్చి అన్నయ్య పేరున నింపాను. వాడికిప్పుడు 71. ఈ స్వర్ణోత్సవానికి రమ్మంటే, నేను పాసయినవాణ్ణి కాదు గదా అని రానన్నాడు. తొమ్మిది తరగతులు చదివినవాడు పూర్వ విద్యార్థి కాకుండా పోతాడా? కార్యదర్శిగారితో మాట్లాడాను, నిబంధనల్లో అభ్యంతరం లేదన్నారు. పేరు, ఊరు, చేరిన సంవత్సరం రాశాను. ఉత్తీర్ణులైన సంవత్సరం అన్న గడి ఖాళీగా వదిలి, చందా నేను కట్టాను. సంతకం మాత్రం వాడిదే కావాలి. ఈసారి కాగితం చదివి వినిపించాకే పెట్టించుకుంటాను.